మరిచిపోయే ముందు అడిగే యాప్

పరాయి భాష మాటలు నేర్పే యాప్‌కు ఒక్క పని బాగా తెలిసి ఉండాలి. ఏ మాటను ఎప్పుడు అడగాలన్నదే ఆ పని. బొమ్మలు, రంగులు, పాయింట్లు ఆ తర్వాతి సంగతి. చదివే మనిషికి తీరిక ఎంత తక్కువైతే ఈ పనికి విలువ అంత ఎక్కువ. దొరికేదే పావుగంట. అందులో ఏది చదవాలో వెతుక్కోవడానికే అయిదు నిమిషాలు పోతే ఇక చదివేదెప్పుడు?

ఒక నర్సింగ్ విద్యార్థినిని ఊహించుకోండి. హైదరాబాద్‌లో బీఎస్సీ ఆఖరి సంవత్సరం. పొద్దున క్లాసులు, ఆ తర్వాత వార్డులో పోస్టింగు. కొన్ని వారాలు నైట్ డ్యూటీ. హాస్టల్‌కు చేరేసరికి ఒళ్ళు పడక కోరుతుంది. చదువు అయ్యాక జర్మనీ వెళ్ళి అక్కడి ఆసుపత్రిలో పనిచెయ్యాలని ఆమె ఆశ. తెలుగు రాష్ట్రాల్లో ఇదే ఆశతో జర్మన్ నేర్చుకుంటున్న నర్సులు ఉన్నారు. ఐరోపా లెక్కలో భాషా స్థాయిలు ఆరు. ఏ1తో మొదలై సీ2తో ముగుస్తాయి. నర్సుగా పూర్తి గుర్తింపు కావాలంటే సాధారణంగా బీ2 అడుగుతారు. దానికి ముందు మెట్టు బీ1. గోథె ఇన్‌స్టిట్యూట్ బీ1 పరీక్షకు ఇచ్చే పదాల పట్టికలో సుమారు 2400 మాటలు ఉంటాయి. రోగి నొప్పి ఎక్కడో చెబుతుంటే అర్థం కావాలి. డాక్టర్ చెప్పిన మోతాదు పొరపాటు లేకుండా వినపడాలి. అందుకే ఈ మాటలు పరీక్ష గదిలో గుర్తుంటే చాలదు. రెండేళ్ళ తర్వాత కూడా నోటికి అందాలి.

2400 మాటలు ఒక్కసారి చదవడం కష్టం కాదు. నిలుపుకోవడమే కష్టం. ఎందుకో తెలియాలంటే మరపు ఎలా పనిచేస్తుందో చూడాలి.

హెర్మన్ ఎబింగ్‌హౌస్ అనే జర్మన్ శాస్త్రవేత్త మరపును కొలిచాడు. 1885లో ఆ ఫలితాలు పుస్తకంగా అచ్చువేశాడు. ప్రయోగం చేసింది తన మీదే. అర్థం లేని అక్షరాల గుంపులను వరసగా బట్టీపట్టాడు. కొంతకాలం ఆగి మళ్ళీ అవే నేర్చుకున్నాడు. రెండోసారి ఎంత శ్రమ తగ్గిందో లెక్కవేశాడు. 20 నిమిషాల తర్వాత నేర్చుకుంటే 58 శాతం శ్రమ ఆదా అయింది. ఒక రోజు ఆగితే 34 శాతమే ఆదా అయింది. మరి నెల రోజులు ఆగితే? 21 శాతం. ఈ మూడు అంకెల్లో ఉన్న సంగతి ఒక్కటే. మరపు మొదట్లో వేగంగా ముంచుకొస్తుంది. తర్వాత నెమ్మదిస్తుంది. మొదటి రోజు జరిగే నష్టంతో పోలిస్తే తర్వాతి నెల నష్టం చిన్నది.

కాబట్టి కొత్త మాటను మర్నాడే మళ్ళీ పలకరించాలి. ఆ తర్వాత తొందర లేదు. గుర్తున్న ప్రతిసారీ తర్వాతి పలకరింపును ఇంకాస్త దూరం జరపవచ్చు. మరిచిపోయే వేళ దగ్గరపడినప్పుడు అడగాలి. మరీ ముందు అడిగితే ఆ నిమిషం వృథా. మరీ ఆలస్యమైతే మాట జారిపోతుంది. యాప్ చెయ్యాల్సిన అసలు పని ఇదే. మరిచిపోయే ముందు అడగడం.

ఈ పనికి కంప్యూటరే అక్కర్లేదు. 1970ల్లో సెబాస్టియన్ లైట్నర్ అనే సైన్స్ విలేఖరి అట్టపెట్టెతో దీన్ని చేసి చూపించాడు. పెట్టెలో అయిదు అరలు. మొదటిది ఇరుకు, పోనుపోను వెడల్పు. ఒక్కో మాటకు ఒక్కో చీటీ. ముందువైపు పరాయి మాట, వెనకవైపు అర్థం. కొత్త చీటీలన్నీ మొదటి అరలో ఉంటాయి. అర్థం సరిగ్గా చెప్పగలిగితే చీటీ రెండో అరలోకి పోతుంది. మళ్ళీ చెప్పగలిగితే మూడో అరలోకి. తప్పితే ఎక్కడున్నా సరే తిరిగి మొదటి అరకే రావాలి. వచ్చిన మాటలు వెనక్కి పోయి అరుదుగా కనిపిస్తాయి. రాని మాటలు ముందే ఉండి రోజూ ఎదురవుతాయి.

ఈ పనిని కంప్యూటర్‌కు తెచ్చింది పోలండ్‌లో పోజ్నాన్ నగరంలో చదువుకుంటున్న ఒక విద్యార్థి. పేరు పియోటర్ వోజ్నియాక్. ఇంగ్లిషు మాటలూ జీవశాస్త్రం సంగతులూ గుర్తుపెట్టుకోవడానికి మొదట కాగితాల మీద లెక్కలు వేసుకున్నాడు. 1987లో వాటినే ప్రోగ్రాముగా రాశాడు. అదే సూపర్‌మెమో. అతని పద్ధతిలో మొదటి ఎడం ఒక రోజు, రెండోది 6 రోజులు. ఆ తర్వాత ప్రతి ఎడమూ ముందుదానికి కొన్ని రెట్లు. మాట తేలికైతే రెట్టింపు కన్నా ఎక్కువ, కష్టమైతే తక్కువ. 2006లో వచ్చిన ఆంకీ అనే ఉచిత ప్రోగ్రాము ఆ లెక్కనే సవరించుకుని ప్రపంచమంతా వ్యాపించింది. వైద్య విద్యార్థులు దాన్ని విరివిగా వాడతారు.

ఎడం పెంచితే నిజంగానే శ్రమ తగ్గుతుందా? అమెరికాలో హ్యారీ బాహ్రిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కుటుంబం తమ మీదే తేల్చుకుంది. నలుగురు, ఒక్కొక్కరికి 300 పరాయి మాటలు. కొన్నింటిని 14 రోజులకోసారి చదివారు. కొన్నింటిని 56 రోజులకోసారి చదివారు. ఫలితాలు 1993లో అచ్చయ్యాయి. 56 రోజుల ఎడంతో 13 సార్లు చదివిన మాటలు ఎంత నిలిచాయో, 14 రోజుల ఎడంతో 26 సార్లు చదివినవీ దాదాపు అంతే నిలిచాయి. మరోలా చెప్పాలంటే, సగం సార్లు చదివినా అదే జ్ఞాపకం. తీరిక లేని మనిషికి ఇంతకన్నా మంచి వార్త ఏముంటుంది? అయితే ఎడం ఎక్కువైనప్పుడు నేర్చుకుంటున్న రోజుల్లో తప్పులు కొంచెం ఎక్కువే వచ్చాయి. యాప్ ఈ మాట విద్యార్థికి ముందే చెప్పాలి. లేకపోతే పది అడిగితే ఒకటీ రెండూ తప్పగానే ఆమె నిరుత్సాహపడుతుంది. ఆ తప్పు పద్ధతిలో భాగమే.

ఎప్పుడు అడగాలో తేలింది. ఇక ఎలా అడగాలి? చాలా యాప్‌లు మాటనూ అర్థాన్నీ పక్కపక్కనే చూపిస్తాయి. విద్యార్థి చదువుతుంది, తెలిసినట్టే ఉంటుంది, వేలితో పక్కకు తోసేస్తుంది. ఇక్కడే సమయం కారిపోతుంది. జెఫ్రీ కార్పికె, హెన్రీ రోడిగర్ అనే ఇద్దరు పరిశోధకులు 2008లో సైన్స్ పత్రికలో ఒక ప్రయోగం ప్రకటించారు. కాలేజీ విద్యార్థులకు 40 స్వాహిలి మాటలు ఇంగ్లిషు అర్థాలతో ఇచ్చారు. ఒకసారి వచ్చిన మాటను కొందరికి మళ్ళీ మళ్ళీ చూపించారు గానీ అడగలేదు. ఇంకొందరిని మళ్ళీ మళ్ళీ అడిగారు. వారం తర్వాత పరీక్ష పెట్టారు. అడుగుతూ వచ్చిన వాళ్ళకు 80 శాతం దాకా గుర్తున్నాయి. చూడటంతో సరిపెట్టిన వాళ్ళకు మూడో వంతు చిల్లర. అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటి. వారం తర్వాత ఎన్ని గుర్తుంటాయని ముందే అడిగితే అన్ని జట్లూ ఇంచుమించు ఒకే జవాబు చెప్పాయి, సగం అని. అంటే తనకు ఏది నిలుస్తుందో విద్యార్థికి తనంతట తెలియదు. తెలియదు కాబట్టే ఆ లెక్క యాప్ చూసుకోవాలి.

కాబట్టి రెండో నియమం. చూపించే ముందు అడగాలి. మరిచిపోయే ముందు అడగాలి, చూపించే ముందు అడగాలి. ఈ రెండూ కుదిరితే మిగతా హంగులు లేకపోయినా యాప్ పనిచేస్తుంది.

ఇప్పుడు ఒక చీటీని దగ్గరగా చూద్దాం. మాట "ష్ప్రిట్సె". ఇంజెక్షన్ అని అర్థం. జర్మన్‌లో ప్రతి నామవాచకానికీ ముందు ఒక చిన్న మాట ఉంటుంది. డేర్, డీ, డాస్ అని మూడు రకాలు. ఏ నామవాచకానికి ఏది వస్తుందో చాలాచోట్ల ఊహకు అందదు. అందుకే చీటీ మీద ఒంటరిగా "ష్ప్రిట్సె" రాయకూడదు. "డీ ష్ప్రిట్సె" అని కలిపే ఉండాలి. విడిగా నేర్చుకుంటే తర్వాత నామవాచకాలన్నిటికీ మళ్ళీ మొదటి నుంచి రావాలి. తెర మీద మొదట ఏమీ రాసి ఉండదు. గొంతు వినిపిస్తుంది. ఆమె అర్థం గుర్తుచేసుకుంటుంది. వేలితో తాకితే అప్పుడు రాత కనిపిస్తుంది, బహువచనం కనిపిస్తుంది, చిన్న వాక్యం వినిపిస్తుంది. "ఇష్ గేబె ఈనెన్ ఐనె ష్ప్రిట్సె." మీకు ఇంజెక్షన్ ఇస్తాను అని. వార్డులో రేపు ఆమె నిజంగా పలకబోయే వాక్యం అది. కింద రెండే మీటలు. వచ్చింది, రాలేదు. వోజ్నియాక్ పద్ధతిలో సున్నా నుంచి అయిదు దాకా మార్కులు వేసుకోవాలి. నిలబడి బస్సులో వెళుతున్న మనిషి ఒక మాటకు మూడు మార్కులా నాలుగా అని ఆలోచించడం దండగ. రెండు మీటలే మేలు.

వచ్చింది అంటే చీటీ తర్వాతి అరకు పోతుంది. మొదటి ఎడం ఒక రోజు. తర్వాత మూడు రోజులు, తర్వాత వారం, తర్వాత మూడు వారాలు, ఆఖరికి రెండు నెలలు. రాలేదంటే మొదటికి. అక్కడ బెంగపడాల్సింది లేదు. ఎబింగ్‌హౌస్ కొలిచింది కూడా అదే కదా. ఒకసారి నేర్చి మరిచిన మాట రెండోసారి తక్కువ శ్రమతోనే వస్తుంది. మూడో అర దాటిన మాటను తిరగేసి అడగాలి. తెలుగు చూపించి జర్మన్ చెప్పించాలి. విని అర్థం చేసుకోవడం సులువు, నోట పలకడం కష్టం. రెండూ మొదటి రోజే పెడితే మాట బరువవుతుంది.

తెర మీద ఇంకో చిన్న సంగతి. ఇంగ్లిషు అక్షరాల కొలతలతో గీసిన తెర మీద తెలుగు రాస్తే వరసల మధ్య చోటు చాలదు. వత్తులు కింద తెగిపోతాయి. "స్త్రీ", "రక్తస్రావం" లాంటి మాటలు సగమే కనిపిస్తాయి. వరస ఎత్తు పెంచి, మామూలు ఫోనులో చూసి సరిచెయ్యాలి. జర్మన్ టైపు చెయ్యాల్సిన చోట రెండు చుక్కల అక్షరాలకు తెర మీదే మీటలు ఇవ్వాలి. ఇక జర్మన్ పలుకుబడిని తెలుగు లిపిలో రాసిపెట్టడం. అది మొదటి వారానికి ఊతం, అంతే. జర్మన్‌లోని కొన్ని అచ్చులకు తెలుగులో అక్షరమే లేదు. అవి చెవితోనే రావాలి.

శబ్దమంటే డేటా ఖర్చవుతుందని భయం ఉండవచ్చు. లెక్క చూడండి. ఒక మాటకు రెండు సెకన్ల రికార్డింగు, కుదించి దాస్తే 6 కిలోబైట్లు. వాక్యానికి మరో 12. మొత్తం 2400 మాటలకూ వాక్యాలకూ కలిపి 50 ఎంబీ దాటదు. హాస్టల్ వైఫైలో ఒక్కసారి దించుకుంటే సరి. ఆ తర్వాత లిఫ్టులోనైనా ఆసుపత్రి బేస్‌మెంట్‌లోనైనా సిగ్నల్ లేకుండా నడవాలి. నెట్ లేదని తెర తిరుగుతూ కూర్చుంటే ఆమెకున్న నాలుగు నిమిషాల విరామం అక్కడే అయిపోతుంది.

అన్నిటికన్నా ఎక్కువ జాగ్రత్త కావాల్సింది రోజుకు ఎన్ని కొత్త మాటలు అన్న దగ్గర. ఉత్సాహం ఉన్న మొదటి ఆదివారం ఎవరైనా 100 మాటలు తీసుకుంటారు. ఆ రోజు బాగానే ఉంటుంది. కొత్త మాట తీసుకోవడం చీటీపాటలో చేరడం లాంటిది. చేరిన రోజుతో తీరదు. ప్రతి వాయిదా కట్టుకుంటూ పోవాలి. ఒక్కో మాట కనీసం అయిదుసార్లు తిరిగి వస్తుంది. రోజుకు 10 కొత్త మాటలనుకోండి. మూడు నెలలు తిరిగేసరికి రోజూ 50 పాత మాటలు వాకిట్లో నిలబడతాయి. తప్పినవి కలిపితే 60. మాటకు 8 సెకన్లు వేసుకుంటే 8 నిమిషాలు. కొత్త వాటికి అరనిమిషం చొప్పున 5 నిమిషాలు. మొత్తం పావుగంట లోపు. అదే రోజుకు 20 అయితే అరగంట దగ్గరికి పోతుంది. డ్యూటీ మనిషికి రోజూ అరగంట దొరకదు. అందుకే యాప్ మొదటి రోజే ఒక ప్రశ్న వెయ్యాలి. రోజుకు ఎన్ని నిమిషాలు ఇవ్వగలరని. మాటల సంఖ్య ఆమెను అడగకూడదు. నిమిషాలు అడిగి సంఖ్యను తానే తేల్చాలి. పది చొప్పున 2400 మాటలకు 240 రోజులు. ఎనిమిది నెలలు. ఆ తారీకు ముందే చూపిస్తే ఆమె పరీక్ష ఎప్పుడు పెట్టుకోవాలో నిర్ణయించుకోగలదు.

ఏ పది? పట్టికను అక్షర క్రమంలో ఇవ్వడం సోమరితనం. ఎక్కువగా వాడే మాటలు ముందు రావాలి. ఈ విద్యార్థినికి నొప్పి, జ్వరం, కట్టు, మంచం లాంటివి కూడా ముందే కావాలి. ఒక జాగ్రత్త ఉంది. కుడి, ఎడమ లాంటి జంటలను ఒకే రోజు ఇవ్వకూడదు. రెండూ వస్తాయి గానీ ఏది ఏదో తారుమారవుతుంది. ఒకేరకం మాటలు కలిపి నేర్పితే నేర్చుకోవడం నెమ్మదిస్తుందని 1990ల నుంచి ప్రయోగాల్లో కనిపిస్తూనే ఉంది. కుడి మూడో అర చేరాకే ఎడమ రంగంలోకి రావాలి. వార్డులో కుడి కాలికీ ఎడమ కాలికీ తేడా ఎంత ముఖ్యమో చెప్పనక్కర్లేదు.

ఇక తప్పిపోయిన రోజులు. వారం రోజులు నైట్ డ్యూటీ పడింది, యాప్ తెరవలేదు. ఎనిమిదో రోజు తెరిస్తే 400 మాటలు బాకీ అని ఎర్ర అంకె కనిపిస్తుంది. చాలామంది అక్కడే వదిలేస్తారు. ఇది విద్యార్థి బద్ధకం కాదు, యాప్ కట్టిన తీరులో లోపం. మంచి యాప్ ఆ అంకెను చూపించదు. ఈ రోజు పావుగంట పని మాత్రమే ముందు పెడుతుంది. కొత్త మాటలు ఆపేస్తుంది. రెండు నెలల ఎడంలో ఉన్న మాటకు వారం ఆలస్యం పెద్ద నష్టం కాదు, అది ఆగవచ్చు. ఒక రోజు ఎడంలో ఉన్నది ఈపాటికి పోయి ఉంటుంది. దాన్ని కొత్త మాటగానే మళ్ళీ ఇవ్వవచ్చు. వారం ఎడంలో, మూడు వారాల ఎడంలో ఉన్నవి అంచున ఉంటాయి. ముందు వాటిని అడగాలి.

వరస తప్పకుండా ఇన్ని రోజులు చదివారని లెక్క చూపించి, ఒక్క రోజు తప్పగానే సున్నా చేసే పద్ధతి ఈ విద్యార్థులకు పనికిరాదు. ప్రాణాలు చూసుకునే డ్యూటీలో ఉన్న మనిషిని ఆ సున్నాతో శిక్షించడం అన్యాయం. నెలలో ఎన్ని రోజులు చదివారో చూపిస్తే చాలు. రోజు ఎప్పుడు మారుతుందన్నది కూడా ఆలోచించాలి. ఆంకీలో అర్ధరాత్రికి కాకుండా తెల్లవారుజాము నాలుగింటికి రోజు మారేలా పెట్టారు. నైట్ డ్యూటీ దిగి పొద్దున తొమ్మిదింటికి పడుకునే మనిషికి అదీ సరిపోదు. తన రోజు ఎప్పుడు మొదలవుతుందో తానే చెప్పుకునే వీలుండాలి. గుర్తుచేసే గంట రోజుకు ఒక్కసారి. అదీ ఆమె చెప్పిన వేళకే, బస్సెక్కే సమయమో భోజనం విరామమో. పగలు నిద్రపోతుండగా మోగే గంట ఆ యాప్‌ను ఫోనులోంచి తీసేయిస్తుంది.

ప్రోగ్రాము రాయకముందే ఈ పద్ధతిని పరీక్షించవచ్చు. 50 మాటలు, 50 చీటీలు, అయిదు కవర్లు. ఇద్దరు ముగ్గురు విద్యార్థులతో నెల రోజులు నడిపిస్తే సరి. ఏ వాక్యం అర్థం కాలేదు, ఏ జంట తారుమారైంది, ఏ వేళ చదవడం కుదిరింది, అన్నీ అక్కడే తెలుస్తాయి.

యాప్ తయారయ్యాక అది పనిచేస్తోందో లేదో కొలవాలి. విద్యార్థి యాప్‌లో ఎన్ని నిమిషాలు గడిపిందన్నది కొలత కాదు. నెల రోజులుగా ఎదురుపడని 20 మాటలను ముందు చెప్పకుండా అడగాలి. జర్మన్ నుంచి తెలుగుకు సగం, తెలుగు నుంచి జర్మన్‌కు సగం. 18 దాకా వస్తే ఎడం ఇంకొంచెం పెంచవచ్చు, రోజుకు రెండు నిమిషాలు మిగులుతాయి. 14కు తగ్గితే ఎడం తగ్గించాలి, లేదా కొత్త మాటలు పది నుంచి ఏడుకు దించాలి. తెలుగు నుంచి జర్మన్ వైపే తప్పులు ఎక్కువగా ఉంటే తిరగేసి అడగడం రెండో అర నుంచే మొదలుపెట్టాలి. ఈ సవరణ నెలకోసారి, ఒక్కో విద్యార్థికి విడిగా జరగాలి. పగటి డ్యూటీ నెల అంకెలు నైట్ డ్యూటీ నెలకు సరిపోవు.